ఉండటానికి చోటు లేనప్పుడు: రాత్రి బస నుంచి అద్దె గది దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

పని కోసం హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం లాంటి ఊళ్లకు వచ్చి చోటు దొరకనివాళ్లకు, ఉన్న అద్దె ఇల్లు పోయినవాళ్లకు, ఇంట్లోంచి బయటికి రావలసి వచ్చినవాళ్లకు, ఆసుపత్రిలో మనిషిని పెట్టుకుని ఆవరణలో పడుకుంటున్నవాళ్లకు ఉపయోగపడాలని ఈ జవాబులు రాశాం. వాళ్లకు సాయం చేసేవాళ్లకూ ఇవి పనికొస్తాయి. అన్నీ చదవక్కర్లేదు, మీ అవసరం ఏ ప్రశ్న కింద ఉందో అది చూసుకోండి. కాగితాలు, ఫోను గురించిన జవాబు మాత్రం అందరూ చదవాలి.

ఈ రాత్రికే చోటు కావాలి. ఎక్కడికి వెళ్లాలి?

పెద్ద ఊళ్లలో మున్సిపల్ కార్పొరేషన్లు నిరాశ్రయుల కోసం వసతి గృహాలు (షెల్టర్లు) పెట్టాయి. రెండు రాష్ట్రాల్లోనూ వీటిని చూసేది పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా. హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీలోని అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ (యూసీడీ) విభాగం చూస్తుంది. రోజువారీ నిర్వహణ ఎక్కువచోట్ల స్వచ్ఛంద సంస్థలదే. ఫ్లైఓవర్ల కింద కట్టిన గదుల్లోనూ, పాత కమ్యూనిటీ హాళ్లలోనూ ఉంటాయి కాబట్టి బయటి నుంచి చూస్తే షెల్టరని తెలియదు. ఆటోవాళ్లలో చాలామందికీ తెలియదు.

హైదరాబాద్‌లో అయితే జీహెచ్ఎంసీ కాల్ సెంటర్ 040-21111111కు ఫోన్ చేసి, మీరు ఎక్కడ ఉన్నారో, ఎంతమంది ఉన్నారో, మగవాళ్లా ఆడవాళ్లా చెప్పి దగ్గర్లోని షెల్టర్ అడగండి. మిగతా ఊళ్లలో ఆఫీసు వేళల్లో మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి మెప్మా సెక్షన్ ఎక్కడో కనుక్కోవడం దగ్గరి దారి. ఆంధ్రలో వార్డు సచివాలయంలోనూ అడగవచ్చు. రాత్రయిపోతే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి, లేదా గస్తీ తిరిగే పోలీసులను అడగండి. ఆ ప్రాంతంలో షెల్టర్ ఎక్కడుందో వాళ్లకు తెలిసే అవకాశం ఎక్కువ.

చీకటి పడకముందే వెళ్లడం ముఖ్యం. రాత్రి తొమ్మిది దాటాక వెళ్తే మంచాలు నిండి ఉంటాయి, కేర్‌టేకర్ గేటు వేసి ఉంటాడు. మీరు వెళ్లింది మగవాళ్ల షెల్టరో ఆడవాళ్ల షెల్టరో అక్కడికి వెళ్లాక తెలిస్తే ఆ పూటకు ఇంకో చోటికి వెళ్లే టైం ఉండదు. అందుకే ముందే ఫోన్‌లో అడగాలి. చోటు లేదంటే ఊరికే తిరిగి రాకండి. ఇంకో షెల్టర్‌కు ఫోన్ చేసి కనుక్కోమని ఆ కేర్‌టేకర్‌నే అడగండి. వాళ్లకు ఒకరి నంబరు ఒకరి దగ్గర ఉంటుంది.

షెల్టర్‌కు డబ్బు కట్టాలా? అక్కడ ఏముంటుంది?

లక్ష జనాభాకు ఒక షెల్టరైనా ఉండాలని, అది ఏడాది పొడుగునా ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు దీన్నే వివరంగా రాశాయి. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు, తాగునీరు, మరుగుదొడ్డి, స్నానాల గది, దోమల నుంచి రక్షణ, ప్రథమ చికిత్స పెట్టె, సామాను పెట్టుకునే లాకర్, వండుకునే వీలు ఉండాలి. ఒక మేనేజరు, షిఫ్టుకు ఒకరు చొప్పున ముగ్గురు కేర్‌టేకర్లు ఉండాలి. సంపాదించేవాళ్ల దగ్గర ఏమైనా తీసుకుంటే అది ఆదాయంలో పదో వంతు, ఇరవయ్యో వంతు మధ్యలోనే ఉండాలి. ఎక్కువచోట్ల ఏమీ తీసుకోరు.

వాడుకలో మాత్రం తేడాలుంటాయి. పొద్దున ఎనిమిదికి అందరినీ బయటికి పంపి సాయంత్రం దాకా తాళం వేసే చోట్లు ఉన్నాయి. లాకర్లు ఉంటాయి గానీ తాళాలు ఉండవు, మీ తాళం మీరు తెచ్చుకోవాలి. దుప్పటి ఇస్తారు, అది ఎప్పుడు ఉతికిందో తెలియదు. అందుకని ఒక పల్చటి లుంగీయో పాత చీరో కింద పరుచుకోవడానికి వెంట ఉంచుకోండి. చర్మవ్యాధులు అంటుకునే అవకాశం కొంత తగ్గుతుంది. తాగి వస్తే రానివ్వరు, ఈ నియమం దాదాపు అన్నిచోట్లా గట్టిగానే ఉంటుంది.

ఎన్ని రోజులు ఉండనిస్తారో మొదటి రోజే అడగండి. కొన్ని షెల్టర్లలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లున్నారు, కొన్నిచోట్ల కొద్ది రోజులకే వెళ్లిపొమ్మంటారు. పనికి వెళ్తున్నామని చెప్పి, రోజూ ఒకే వేళకు వచ్చే మనిషిని పొమ్మనడం తక్కువ.

ఆధార్ లేకపోతే రానివ్వరా?

ఆధార్ లేదని ఆ పూటకు చోటు నిరాకరించకూడదు. రిజిస్టర్‌లో పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు రాసుకుని సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. కేర్‌టేకర్ జిరాక్స్ కావాలని పట్టుబడితే "కార్డు పోయింది, రెండు రోజుల్లో తెస్తాను, ఈలోగా రిజిస్టర్‌లో రాసుకోండి" అనండి. వాదనకు దిగితే లోపలికి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఒక మాట గుర్తుంచుకోండి: ఆ రిజిస్టర్‌లో మీ పేరు, తేదీ ఉండటం మీకే మంచిది. తర్వాత ఆధార్‌లో అడ్రసు మార్చుకోవడానికి షెల్టర్ సర్టిఫికెట్ కావాల్సి వస్తే ఆ రిజిస్టరే ఆధారం.

ఆసుపత్రిలో రోగితో వచ్చాం. వరండాలో ఎన్నాళ్లు?

గాంధీ, ఉస్మానియా, నిమ్స్, నీలోఫర్ లాంటి ఆసుపత్రులకు జిల్లాల నుంచి వచ్చే కుటుంబాలదే ఈ సమస్య. రోగితో పాటు లోపల ఒక్కరినే ఉంచుతారు. రెండో మనిషికి చోటుండదు. కొన్ని పెద్ద ఆసుపత్రుల దగ్గర అటెండెంట్ల కోసం షెల్టర్ ఉంటుంది. అడ్మిషన్ చీటీ లేదా పాసు చూపిస్తే చేర్చుకుంటారు. సంగతి వార్డులో సిస్టర్‌ను గానీ ఆరోగ్యశ్రీ హెల్ప్ డెస్క్‌లో ఆరోగ్యమిత్రను గానీ అడగండి. సెక్యూరిటీ వాళ్లను అడిగితే చాలాసార్లు లేదనే చెబుతారు.

ఎక్కువ రోజులు పడుతుందంటే ఇద్దరూ ఒకేసారి ఉండకండి. వారానికోసారి మారండి. బస్సు ఛార్జీ ఖర్చయినా, రెండో మనిషికి రోజూ బయట తిండికి, స్నానానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే అదే తక్కువ. అడ్మిషన్ చీటీని, స్కాన్ రిపోర్టులను దిండు కింద పెట్టుకోవద్దు. ఫోన్‌తో ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు వాట్సాప్‌లో పంపి ఉంచండి.

రైల్వే స్టేషన్‌లోనో బస్టాండులోనో పడుకుంటే?

ఒకటి రెండు రాత్రులకు చాలామంది చేసేదిదే. కానీ టికెట్ లేకుండా స్టేషన్‌లో ఉంటే రైల్వే చట్టం ప్రకారం అక్రమ ప్రవేశం కిందికి వస్తుంది. వెయ్యి రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడే వీలుంది. ప్లాట్‌ఫాం టికెట్ పది రూపాయలు, అది రెండు గంటలకే. రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) వాళ్లు సాధారణంగా లేపి బయటికి పంపుతారు గానీ, రోజూ కనిపించే మనిషి మీద కేసు రాయడమూ ఉంటుంది.

నిజంగా ప్రయాణం ఉంటే స్టేషన్ డార్మిటరీ చూడండి. కన్ఫర్మ్ లేదా ఆర్ఏసీ టికెట్ పీఎన్ఆర్‌తో ఐఆర్‌సీటీసీలో బుక్ అవుతుంది. బయటి లాడ్జి కంటే చౌక, స్నానం కూడా అయిపోతుంది. బస్టాండులో టికెట్ అడగడం తక్కువే. విజయవాడ నెహ్రూ బస్టాండు, హైదరాబాద్ ఎంజీబీఎస్ రాత్రంతా మెలకువగానే ఉంటాయి. కాకపోతే సెల్‌ఫోన్ దొంగలు కూడా అక్కడే ఉంటారు. ఛార్జింగ్ పాయింట్‌లో ఫోన్ పెట్టి కన్ను మూయొద్దు.

ఆడవాళ్లకు, పిల్లలతో ఉన్నవాళ్లకు వేరే దారి ఉందా?

ఉంది, దాన్నే ముందు పట్టుకోవాలి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే జిల్లాలోని సఖి కేంద్రానికి కలుపుతారు. భర్త కొడుతున్నాడని, ఇంట్లోంచి గెంటేశారని వచ్చినవాళ్లకు అక్కడ ఐదు రోజుల దాకా ఉండే చోటు, భోజనం, వైద్యం, పోలీసు కేసుకు, లాయరుకు సాయం అన్నీ ఒకే చోట దొరుకుతాయి. ఐదు రోజుల తర్వాత శక్తి సదన్ అనే ప్రభుత్వ పునరావాస గృహానికి పంపుతారు. ఆ రెండో మజిలీ గురించి మూడో రోజే అడగండి. ఐదో రోజు సాయంత్రం అడిగితే కాగితాలు కదలవు.

నెల జీతం ఉన్న ఆడవాళ్లకు సఖి నివాస్ పేరుతో ఉద్యోగినుల హాస్టళ్లు ఉన్నాయి. పథకం నియమాల ప్రకారం డార్మిటరీ అద్దె జీతంలో ఏడున్నర శాతం మించకూడదు, ఇద్దరుండే గదికి పది శాతం. ఆడపిల్లలను పద్దెనిమిదేళ్ల దాకా, మగపిల్లలను పన్నెండేళ్ల దాకా వెంట ఉంచుకోవచ్చు. సీట్లు తక్కువ కాబట్టి జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ఆఫీసులో దరఖాస్తు పెట్టి, నంబరు తీసుకుని, మధ్యమధ్యలో గుర్తు చేస్తూ ఉండాలి.

అసలు చిక్కంతా కుటుంబాలకే. భార్యాభర్తలు, పిల్లలు కలిసి ఉండగలిగే షెల్టర్లు చాలా తక్కువ. భర్త ఒకచోట, భార్యాపిల్లలు ఇంకోచోట ఉండాల్సి వస్తుంది. అది ఇష్టం లేకే ఎన్నో కుటుంబాలు ఫుట్‌పాత్ మీద ఉండిపోతాయి. కొద్ది వారాలకైనా విడిగా ఉండి గది అడ్వాన్స్ కూడబెట్టుకోవడం పిల్లలకు మేలని మా అభిప్రాయం. ఒంటరిగా తిరిగే పిల్లలు కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి.

బయటే పడుకోక తప్పకపోతే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మొదటిది, ఆగి ఉన్న లారీ కింద, ముందు, వెనక పడుకోకూడదు. నీడ ఉంటుందని, వాన తగలదని పడుకుంటారు. తెల్లవారుజామున డ్రైవరు చూడకుండా బండి తీస్తాడు. రోడ్డు మలుపు దగ్గరి ఫుట్‌పాత్, డివైడరు కూడా అంతే. మూతపడ్డ దుకాణాల వరండా మంచిది. అక్కడి వాచ్‌మన్‌కు ముందే చెప్పి, దుకాణం తెరిచే వేళకు ఊడ్చి వెళ్లిపోతే రెండో రోజు ఎవరూ అడ్డు చెప్పరు. వెలుతురున్న చోటు, ఇద్దరు ముగ్గురు ఉన్న చోటు ఎంచుకోండి. వానాకాలంలో నాలా పక్కన, అండర్‌పాసుల్లో వద్దు. హైదరాబాద్‌లో గంట వానకే అక్కడ మోకాలి లోతు నీళ్లు చేరతాయి.

కింద అట్టపెట్టె, దాని మీద ప్లాస్టిక్ పట్టా, ఆ పైన దుప్పటి. డిసెంబరు, జనవరిల్లో నేల చలే ఎక్కువ బాధ పెడుతుంది, కాబట్టి పైన కప్పుకోవడానికి రెండో దుప్పటి కొనేముందు కింద మందంగా వేసుకోండి.

కుక్క కరిస్తే వెంటనే పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు పెట్టొద్దు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం. మొదటి డోసు వేయించుకున్నాక మూడు రోజులకు, ఏడు రోజులకు, ఇరవై ఎనిమిది రోజులకు మళ్లీ వేయించుకోవాలి. బయట ఉండేవాళ్లు రెండు డోసులతో ఆపేస్తారు, తేదీలు గుర్తుండవు గనక. చీటీ ఫోటో తీసి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఒంటి మీద ఎక్కడైనా చర్మం చీలి రక్తం వచ్చినా, కుక్క చొంగ గాయం మీదో నోట్లోనో పడినా టీకాతో పాటు యాంటీ రేబిస్ సీరం కూడా అవసరమవుతుంది. అడిగి వేయించుకోండి.

పోలీసులు లేపితే లేచి వెళ్లండి, వాదించొద్దు. చోటు లేక పడుకోవడం వేరు, అడుక్కోవడం వేరు. అడుక్కోవడం మీద 1977 నాటి చట్టం రెండు రాష్ట్రాల్లో ఇప్పటికీ ఉంది. 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ సదస్సు ముందు రోడ్ల మీది వాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. పెద్దవాళ్లెవరో ఊరికొస్తున్నారంటే ముఖ్యమైన జంక్షన్లకు దూరంగా ఉండటం మేలు. పని చేస్తున్నట్టు చూపే కాగితమో, మేస్త్రీ ఫోన్ నంబరో ఉంటే ఉపయోగపడుతుంది.

సామాను ఎక్కడ పెట్టాలి?

పెద్ద బ్యాగుతో లేబర్ అడ్డా మీద నిలబడ్డ మనిషిని మేస్త్రీ పిలవడు. సగం పనులు పోయేది ఇందుకే. షెల్టర్ లాకర్ మొదటి దారి. టికెట్ ఉంటే స్టేషన్ క్లోక్‌రూమ్, కానీ తాళం వేయని బ్యాగు తీసుకోరు. చిన్న తాళం కప్ప కొని పెట్టుకోండి. మూడో దారి తెలిసిన టీకొట్టు. రోజూ అక్కడే తాగే మనిషి సంచీ పెట్టుకుంటానంటే చాలామంది కాదనరు. నగలు, డబ్బు, అసలు కాగితాలు మాత్రం ఆ సంచీలో ఉండకూడదు.

కాగితాలు, ఫోను పోకుండా ఎలా కాపాడుకోవాలి? పోతే?

ఇల్లు పోయినవాళ్లు తిరిగి నిలదొక్కుకోవడం ఆలస్యమయ్యేది ఎక్కువగా ఇక్కడే. నిద్రలో ఫోన్ పోతుంది. దానితో సిమ్ము, సిమ్ముతో ఆధార్ ఓటీపీ, బ్యాంకు, ఫోన్‌పే, మేస్త్రీ నంబరు అన్నీ ఒకేసారి పోతాయి. అందుకే ఈ పనులు ఫోన్ చేతిలో ఉన్నప్పుడే చేయండి.

ప్రభుత్వ యాప్ డిజీలాకర్ తెరిచి ఆధార్, పాన్, లైసెన్సు అందులోకి తెచ్చుకోండి. అందులోని పత్రాలకు చట్టప్రకారం అసలుతో సమానమైన విలువ ఉంది. ఆధార్ పీడీఎఫ్ దించుకుంటే దాని పాస్‌వర్డ్ మీ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, పక్కనే పుట్టిన సంవత్సరం. నాలుగు ముఖ్యమైన ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఫోన్‌తో కాకుండా వేరే జేబులో ఉంచండి. అసలు కార్డులు ఊళ్లోనో నమ్మకమైన బంధువుల దగ్గరో ఉంచి, జిరాక్సులు వెంట ఉంచుకోవడం మంచిది. రాత్రిపూట ఫోన్‌ను చొక్కా పైజేబులో కాదు, బనియన్‌కు లోపల కుట్టించుకున్న జేబులో పెట్టుకోండి. దర్జీ పది నిమిషాల్లో కుట్టి ఇస్తాడు.

రీఛార్జికి డబ్బు లేక నంబరు వదిలేయకండి. తొంభై రోజులు ఏ వాడకమూ లేకపోతే ప్రీపెయిడ్ నంబరు రద్దవుతుంది. ఖాతాలో ఇరవై రూపాయల బ్యాలెన్స్ ఉంటే అది తీసుకుని మరో ముప్ఫై రోజులు ఉంచుతారు. రద్దైన నంబరు కొన్నాళ్లకు వేరేవాళ్లకు వెళ్తుంది, అప్పుడు మీ ఓటీపీలు వాళ్లకు పోతాయి.

ఫోన్ పోతే వరస ఇది. ముందు ఎవరి ఫోన్ నుంచైనా కంపెనీ కస్టమర్ కేర్‌కు చెప్పి సిమ్ ఆపించండి. బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించండి. పోలీసు స్టేషన్‌లోనో మీసేవలోనో పోగొట్టుకున్నట్టు రిపోర్టు తీసుకోండి. ఆ కాపీతో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ సైటులో ఫోన్‌ను బ్లాక్ చేయవచ్చు. తర్వాత కంపెనీ స్టోరుకు వెళ్లి అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోండి, వేలిముద్ర వేస్తే చాలు. కొత్త సిమ్ పనిచేయడం మొదలయ్యాక ఇరవైనాలుగు గంటల పాటు మెసేజ్‌లు రావు. మోసాలు ఆపడానికి పెట్టిన నియమం ఇది. ఓటీపీ రావట్లేదని బ్యాంకు చుట్టూ తిరగక్కర్లేదు, ఒక రోజు ఆగండి.

ఆధార్‌కు ఇచ్చిన నంబరే ఇప్పుడు లేకపోతే ఆధార్ కేంద్రానికి వెళ్లాలి. కొత్త నంబరు జోడించడానికి ఏ కాగితమూ అడగరు, వేలిముద్రో కంటిపాపో చాలు. ఆధార్ నంబరే గుర్తులేకపోయినా కేంద్రంలో వేలిముద్రతో కనుక్కునే ఏర్పాటుంది. సందేహాలకు 1947.

అడ్రసే లేదు. ఆధార్‌లో, ఓటరు కార్డులో ఏం రాయాలి?

అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు లేనివాళ్ల కోసం ఆధార్ సంస్థ ఒక సర్టిఫికెట్ నమూనా ఇచ్చింది. దాని మీద ఎమ్మెల్యే, కార్పొరేటరు, తహసీల్దారు, గెజిటెడ్ అధికారి సంతకం చేయవచ్చు. గుర్తింపు ఉన్న షెల్టర్ అయితే దాని అధిపతి కూడా చేయవచ్చు. మూడు విషయాల్లో ఇది తిరస్కరణకు గురవుతుంది: ఫోటో మీద సంతకమూ ముద్రా సగం పడకపోవడం, కొట్టివేతలు ఉండటం, తేదీ దాటి మూడు నెలలు కావడం. సంతకం పెట్టించుకున్న వారంలోనే కేంద్రానికి వెళ్లండి.

తొందరపడి అడ్రసు మార్చొద్దు అన్నది మా సలహా. ఊళ్లో అమ్మానాన్నల ఇల్లుంటే పాత అడ్రసే ఉంచుకోండి. తెలంగాణలో ఆడవాళ్లకు మహాలక్ష్మి ఉచిత బస్సు, ఆంధ్రలో స్త్రీ శక్తి, రేషన్, పింఛను ఇవన్నీ ఆ రాష్ట్రపు అడ్రసు మీదే ఆధారపడతాయి. ఒకటి కుదుర్చుకోబోయి రెండోది పోగొట్టుకోవద్దు.

ఓటుకు అడ్రసు రుజువు లేకపోయినా ఫరవాలేదు. ఫారం 6లో మీరు పడుకునే చోటు రాస్తే బూత్ లెవల్ అధికారి ఒకటికి మించిన రాత్రులు వచ్చి మీరు అక్కడే ఉంటున్నారో లేదో చూసి చేర్చుకోవాలి. వివరాలకు 1950.

రోజుకు తిండికి ఎంత అవుతుంది?

ఆంధ్రలో 2024 ఆగస్టు 15న మళ్లీ తెరిచిన అన్న క్యాంటీన్లలో పొద్దున టిఫిన్, మధ్యాహ్నం, రాత్రి భోజనం ఒక్కోటి ఐదు రూపాయలు. ఆదివారం మూసి ఉంటాయి, శనివారం రాత్రే మర్నాటి సంగతి చూసుకోండి. హైదరాబాద్‌లో 2014లో మొదలైన ఐదు రూపాయల భోజన కేంద్రాలు 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లయ్యాయి. కొన్నింట్లో టిఫిన్ కూడా పెట్టారు. రాత్రి భోజనం మాత్రం మీరే చూసుకోవాలి. మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా వరసలో ఉండండి, ఒంటిగంటన్నర తర్వాత అన్నం ఉన్నా కూర ఉండకపోవచ్చు. అడ్డా నుంచి పనికి వెళ్తే ఆ వేళకు రాలేరు కాబట్టి మూత గట్టిగా ఉన్న టిఫిన్ డబ్బా ఒకటి కొనడం దండగ కాదు. గురుద్వారాల్లో లంగరు, అంటే ఉచిత భోజనం, అన్ని మతాలవాళ్లకూ ఉంటుంది. తల మీద గుడ్డ వేసుకుని, కాళ్లు కడుక్కుని వెళ్లాలి.

రేషన్ కార్డు ఊళ్లో ఉన్నా బియ్యం ఇక్కడ తీసుకోవచ్చు. కుటుంబంలో ఒకరు ఏ డీలరు దగ్గరికైనా వెళ్లి వేలిముద్ర వేస్తే సరిపోతుంది. ఒక రాష్ట్రపు కార్డు మీద ఇంకో రాష్ట్రంలో తీసుకోవాలంటే అది కేంద్ర ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డు కావాలి. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డు అయితే సరిహద్దు దాటాక మిషన్ తీసుకోదు. డీలరు పంపించేశాడని గొడవపడే ముందు ఇది చూసుకోండి. నెల మొదటి పదిహేను రోజుల్లోనే వెళ్లండి. ఊళ్లో ఇంట్లోవాళ్లు మొత్తం తీసేసుకుంటే ఇక్కడ మీకు రాదు, సగం సగం చేసుకోమని ముందే మాట్లాడుకోండి.

డబ్బు దాచుకునేది ఎలా? బ్యాంకు ఖాతా లేదు.

ఆధార్ ఉంటే జన్‌ధన్ ఖాతా, లేదా పోస్టాఫీసులో ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ ఖాతా తెరవండి. రెండింటికీ కనీస నిల్వ అక్కర్లేదు. ఏ కాగితమూ లేకపోతే బ్యాంకులో "చిన్న ఖాతా" అడగండి. అధికారి ఎదుట ఫోటో మీద సంతకమో వేలిముద్రో వేస్తే తెరుస్తారు. ఖాతాలో యాభై వేలకు మించి ఉండకూడదు, నెలకు పదివేలకు మించి తీయకూడదు, ఏడాదిలో లక్షకు మించి జమ కాకూడదు. ఏడాదిలోగా గుర్తింపు కార్డుకు దరఖాస్తు పెట్టినట్టు చూపాలి. చిన్న బ్రాంచిలో ఇలాంటిదేమీ లేదంటారు. రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉందని చెప్పి మేనేజరుతోనే మాట్లాడండి.

పనితో పాటు చోటిస్తామంటున్నారు. వెళ్లొచ్చా?

హోటళ్లు, సెక్యూరిటీ ఏజెన్సీలు, ఫంక్షన్ హాళ్లు, కట్టడం సైట్లు బస ఇస్తాయి. మొదటి రెండు నెలలకు ఇదే అన్నిటికన్నా చౌక. కానీ పని పోయిన రోజే చోటు కూడా పోతుంది. అందుకే అక్కడున్నంత కాలం ఒక హాస్టల్ అడ్వాన్స్ అంత డబ్బు విడిగా దాచాలి.

చేరేముందు జీతం ఏ తేదీకి, బసకు తిండికి ఎంత కోస్తారు, వారానికి సెలవుందా అని అడిగి వాట్సాప్‌లో మెసేజ్‌గా పెట్టించుకోండి. ఆధార్ కార్డు అసలు మా దగ్గర ఉంచమంటే ఇవ్వొద్దు, జిరాక్స్ చాలు. ముందే పెద్ద మొత్తం అడ్వాన్స్ ఇచ్చి పనిలోకి తీసుకెళ్లేవాళ్ల దగ్గర మరింత జాగ్రత్త. ఆ అప్పు తీరే లోపు కదలనివ్వకపోతే అది వెట్టి చాకిరి, 1976 నుంచి నేరం. కలెక్టర్ ఆఫీసులో గానీ 112లో గానీ చెప్పవచ్చు.

హాస్టలా, గదా? ఏది ముందు?

బయట ఉండటం ఖర్చు లేని పని అనుకుంటాం. లెక్క వేయండి: స్నానం ఇరవై, మరుగుదొడ్డి పది, టీలు ముప్ఫై, ఛార్జింగు పది, బయటి తిండి రెండు వందలు. రోజుకు 270, నెలకు 8,100. హైదరాబాద్‌లో నలుగురైదుగురు ఉండే హాస్టల్ గదిలో భోజనంతో కలిపి బెడ్డు అద్దె ప్రాంతాన్ని బట్టి ఐదారు వేల నుంచి దొరుకుతుంది. అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్ లాంటి చోట్ల పోటీ ఎక్కువ కాబట్టి బేరం ఆడవచ్చు. అడ్డు వచ్చేది మొదటి రోజు ఒక్కసారిగా కట్టాల్సిన మొత్తం. నెల అద్దె ఆరు వేలు, అడ్వాన్స్ రెండు వేలు అనుకుంటే ఎనిమిది వేలు కావాలి. పని దొరికిన ప్రతి రోజూ 300 పక్కన పెడితే 27 పనిదినాలు. షెల్టర్‌లో ఉండి ఐదు రూపాయల భోజనం తింటే ఇది చేయగలిగిందే. ఫుట్‌పాత్ మీద ఉండి చేయడం చాలా కష్టం.

హాస్టల్‌లో అడ్వాన్స్‌లోంచి మెయింటెనెన్స్ పేరుతో ఎంత కోస్తారో, ఖాళీ చేసేముందు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలో రసీదు మీద రాయించుకోండి. వెనక్కి రాని డబ్బు గురించి వచ్చే గొడవలు దాదాపు అన్నీ ఈ రెండింటి మీదే. కొన్ని హాస్టళ్లు రోజువారీ లెక్కన కూడా బెడ్డు ఇస్తాయి. నెలకు సరిపడా డబ్బు లేనప్పుడు వారం రోజులకు అడగండి.

గదికి సాధారణంగా రెండు నెలల అడ్వాన్స్, ఒక నెల అద్దె. ఐదు వేల గదికి పదిహేను వేలు. ముగ్గురు కలిస్తే తలా ఐదు వేలు, అంటే హాస్టల్ కంటే తక్కువతోనే మొదలు. కానీ ఆ ముగ్గురిలో ఒకరు మధ్యలో వెళ్లిపోతే మిగతా ఇద్దరి మీద పడుతుంది. కలిసి కనీసం రెండు వారాలు పనిచేసిన మనిషితోనే గది తీసుకోండి.

ఓనరు రేపే ఖాళీ చేయమంటున్నాడు. చేయాల్సిందేనా?

అక్కర్లేదు. రాతపూర్వక ఒప్పందం లేకపోయినా నెలనెలా అద్దె కడుతున్న మనిషి కిరాయిదారే. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నెలవారీ కిరాయికి పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాత కూడా ఖాళీ చేయకపోతే ఓనరు కోర్టుకు వెళ్లాలే తప్ప సామాను బయట పారేయడం, తాళం వేయడం కుదరదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కిరాయిదారుకు ఇంకా గట్టి రక్షణ ఇస్తుంది గానీ, కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500, మిగతాచోట్ల 2,000 మించిన అద్దెలకు అది వర్తించదు. ఈ రోజుల్లో ఆ లోపు గది ఎక్కడుంది?

అద్దె ఫోన్‌పేలో కట్టండి, అదే రుజువు. నగదు ఇస్తే ఆ రోజే "ఈ నెల అద్దె ఇచ్చాను" అని ఓనరుకు మెసేజ్ పెట్టండి. తాళం వేసేస్తే 112, ఆ తర్వాత జిల్లా న్యాయసేవాధికార సంస్థ. 15100కు ఫోన్ చేస్తే ఉచితంగా లాయరును ఇస్తారు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేదు. బకాయిలు పేరుకుపోయి ఉంటే పోట్లాట కంటే బేరం మేలు: అడ్వాన్స్‌లో జమ చేసుకోమని చెప్పి, ఒక నెల గడువు అడిగి, ఆ మాట మెసేజ్‌లో ఉంచండి.

జబ్బు చేస్తే?

రెండు వారాలు దాటిన దగ్గుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష చేయించుకోండి. పరీక్ష, మందులు ఉచితం. క్షయ అని తేలితే మందులు వాడినన్నాళ్లు పోషకాహారానికి నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. ఊరు మారితే మందులు మానొద్దు. కొత్త ఊళ్లోని కేంద్రానికి బదిలీ చేస్తారు, పాత కార్డు నంబరు ఉంటే చాలు. నిద్ర పట్టక, బతకాలని లేక ఉన్నవాళ్లు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇల్లు లేని వృద్ధులు కనిపిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. మూత్రానికి, నీళ్లకు పెట్రోల్ బంకు వాడుకోవచ్చు. అక్కడి మరుగుదొడ్డి, తాగునీరు అందరికీ ఉచితం, పెట్రోలు పోయించుకోనక్కర్లేదు.

ప్రభుత్వ ఇల్లు వస్తుందా?

దరఖాస్తు పెట్టండి, దాని మీద ఆధారపడి గది వెతకడం మానకండి. ఇందిరమ్మ ఇల్లు లాంటి పథకాలు ముందు సొంత స్థలం ఉన్నవాళ్లకు దక్కాయి. అర్జీ ఇవ్వాలంటే సోమవారం కలెక్టరేట్‌లో తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటాయి. రసీదు నంబరు తీసుకోకుండా రావద్దు.

గది దొరికింది. మొదటి నెలలో ఏం కొనాలి?

చాప, బకెట్, మగ్గు, తాళం కప్ప, ఒక గిన్నె. గ్యాస్ కనెక్షన్‌కు అడ్రసు రుజువు లేదని కరెంటు స్టవ్ కొనొద్దు, మీటరు ఓనరు పేరిట ఉన్నచోట దాని మీదే గొడవ మొదలవుతుంది. ఐదు కిలోల చిన్న సిలిండరు గుర్తింపు కార్డు ఒక్కటి చూపిస్తే ఇస్తారు, అడ్రసు రుజువు అడగరు. గ్యాస్ ఏజెన్సీల్లోనూ కొన్ని పెట్రోల్ బంకుల్లోనూ దొరుకుతుంది. బజారులో మనిషి నింపి ఇచ్చే ముద్ర లేని చిన్న సిలిండర్లు మాత్రం వద్దు, అవి లీకవుతాయి. ఏజెన్సీలో కొన్న రసీదు దాచుకోండి. గది మారేటప్పుడు సిలిండరు తిరిగి ఇస్తే కొంత డబ్బు వెనక్కి వస్తుంది.